ముంపు ప్రాంతంలో ఇంటి రుణానికి ఎక్కువ వడ్డీ వేయడం న్యాయమేనా?

ప్రశ్న (వేళచ్చేరి, చెన్నై)

మా అమ్మాయి, అల్లుడు విజయనగర్ దగ్గర ఫ్లాటు కొనాలనుకుంటున్నారు. ఆ ప్రాంతం 2015లోనూ, 2023లోనూ మునిగింది కాబట్టి ఇకముందు అలాంటి చోట్ల వడ్డీ పావు శాతం పెంచే ఆలోచన తమ సంస్థలో ఉందని ఒక రుణాధికారి మాటల మధ్యలో అన్నారట. పల్లంలో ఇల్లు దొరికినందుకు కొనేవారు ఎక్కువ కట్టడం న్యాయమేనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (విశ్రాంత బ్యాంకు అధికారి, మైలాపూర్)

న్యాయమేనని నా అభిప్రాయం. బ్యాంకు అప్పుగా ఇచ్చేది డిపాజిటర్ల సొమ్ము. 20 ఏళ్ల రుణానికి తాకట్టుగా ఉన్న ఇల్లు మళ్లీ మళ్లీ మునుగుతుంటే దాని విలువ నిలవదు. 2024 ఫిబ్రవరి 28న రిజర్వు బ్యాంకు విడుదల చేసిన ముసాయిదా కూడా వాతావరణ రిస్కును పాలన, వ్యూహం, రిస్కు నిర్వహణ, కొలమానాలు అనే నాలుగు అంశాల కింద వెల్లడించాలని చెబుతోంది. తెలిసిన రిస్కుకు ధర కట్టకపోతే, ఆ భారం చివరికి మెరక మీద ఇల్లు కొన్నవారి వడ్డీలో కలుస్తుంది.

జవాబు 2 (వేళచ్చేరి)

పెద్దవారు చెప్పిన సూత్రాన్ని నేను కాదనను. ఆ ధరను ఎవరు, ఏం చూసి కడుతున్నారన్న దగ్గరే నా అభ్యంతరం ఉంది. 2017లో నేను ఇక్కడ ఫ్లాటు కొన్నప్పుడు ఇంటి విలువ కట్టడానికి బ్యాంకు పంపిన వాల్యుయర్ పావుగంటలో పని ముగించారు. నాలుగు హద్దులు, రోడ్డు వెడల్పు, భవనం వయసు రాసుకున్నారు. కింద కార్లు నిలిపే చోట ప్రతి స్తంభం మీదా, నా ఛాతీ ఎత్తున, 2015 డిసెంబరు నీరు వదిలిన మట్టిచార కనిపిస్తూనే ఉంది. ఆయన ఆ స్తంభం పక్కనే నిలబడి ఫోటో తీసుకున్నారు. చార గురించి రాయడానికి ఆయన చేతిలోని ఫారంలో గడి లేదు. లీగల్ ఒపీనియన్ కోసం ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తిరగేసిన బ్యాంకు, రెండేళ్ల కిందటి నీటిమట్టం అడగలేదు.

ఇప్పుడు అదే బ్యాంకులు పిన్‌కోడ్ చూసి వడ్డీ పెంచితే ఆ లోపం తీరదు. 2024 అక్టోబరులో రెడ్ అలర్ట్ రాగానే మా వీధివాళ్లం కార్లు తీసుకెళ్లి వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద నిలిపాం. రెండు వీధుల అవతల ఉండే మా బావమరిది కారు కదపలేదు, ఎందుకంటే వాళ్ల వీధి మెరక. ఇద్దరి పిన్‌కోడ్ ఒకటే.

డబ్బు లెక్క కూడా చూడండి. 50 లక్షల రుణం మీద, 20 ఏళ్లకు, ఎనిమిదిన్నర శాతానికి పావు శాతం కలిపితే నెలకు సుమారు 800 రూపాయలు, మొత్తం మీద దాదాపు 1.9 లక్షలు అదనంగా కట్టాలి. ఆ సొమ్ము మీటర్ బోర్డును అంగుళం కూడా పైకి ఎత్తదు. 2015 తర్వాత మా అపార్ట్‌మెంట్‌లో తలా కొంత వేసుకుని మీటర్లనూ మోటారు స్టార్టర్లనూ మొదటి అంతస్తు మెట్ల మలుపులోకి మార్చాం. 2023లో మిచాంగ్ తుపానుకు మళ్లీ నీరు వచ్చినా, అవి తడవలేదు. ఇలాంటి పనికి ఉన్న రుణం మీద అదనంగా తక్కువ వడ్డీకి టాప్-అప్ రుణం ఇచ్చి, భవనానికి బీమా తప్పనిసరి చేస్తే తాకట్టు విలువా నిలుస్తుంది, మనిషీ నిలుస్తాడు.

మేనేజర్ మూడేళ్లకు బదిలీ అవుతారు, రుణం 20 ఏళ్లు నడుస్తుంది. అప్పటి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్ మార్క్ కార్నీ 2015 సెప్టెంబరులో లండన్‌లో వాతావరణ రిస్కు మీద మాట్లాడుతూ హెచ్చరించింది ఈ ఎడం గురించే. ఆ తర్వాత రెండు నెలలకే ఇక్కడ అడయారు నది పొంగింది.

జవాబు 3 (చిన్న పరిశ్రమ యజమాని, అంబత్తూరు)

ఇళ్ల సంగతి మాట్లాడుతున్నారు, సంతోషం. మా షెడ్డులో 2023 డిసెంబరు 5న మోకాలి లోతు నీరుంది, సీఎన్‌సీ మెషీన్ కంట్రోల్ ప్యానెల్ పాడైంది. ఈఎంఐ తేదీ కూడా అదే. చెక్కు బౌన్స్ అయింది, దాని మీద జరిమానా పడింది. రిజర్వు బ్యాంకు ముసాయిదా ఎన్‌బీఎఫ్‌సీలలో (బ్యాంకులు కాని ఆర్థిక సంస్థలలో) పై రెండు అంచెల పెద్ద సంస్థలకే వర్తిస్తుంది. నాకు అప్పిచ్చిన సంస్థ వాటిలో లేదు.

జవాబు 4 (విశ్రాంత బ్యాంకు అధికారి, మైలాపూర్)

వాల్యుయేషన్ ఫారంలో గడి లేదన్న మాట నిజం. నేను సంతకం చేసిన వందల ఫైళ్లలో ఒక్కదానిలోనూ ఆ ప్రశ్న లేదు, అది మా తప్పే. పిన్‌కోడ్ పద్ధతిని నేనూ సమర్థించను. అయితే వీధివారీగా కొలిచాక కూడా పల్లపు వీధికీ మెరక వీధికీ తేడా మిగులుతుంది, ఆ తేడాకు ధర ఉండాలన్న మాట నేను వదులుకోను. అది మొదట పడవలసింది చెరువు అంచున వెంచర్లు కట్టే బిల్డర్ తీసుకునే ప్రాజెక్టు రుణం మీద.

ప్రశ్న అడిగినవారికి ఒక మాట. ఫ్లాటు చూడటానికి వెళ్లినప్పుడు 2015లోనూ, 2023లోనూ నీరు ఎంతవరకు వచ్చిందో వాచ్‌మన్‌ను, కింది అంతస్తువారిని అడగండి. స్తంభం మీద చార ఉంటే పక్కన టేపు పెట్టి ఫోటో తీసి, రుణ దరఖాస్తుతో పాటు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఫైల్లో చేరిన కాగితాన్ని వాల్యుయర్ చూడలేదనడానికి వీలుండదు.