మైన్‌క్రాఫ్ట్ పాండాలు: రెండు మామూలువాటికి బద్ధకపు పిల్ల ఎలా పుట్టింది?

వెదురుతోట: మైన్‌క్రాఫ్ట్ గేమ్‌లో నా పాండాలు రెండూ మామూలువే. వెదురు పెట్టి జత కలిపితే పుట్టిన పిల్ల పొద్దస్తమానం వెల్లకిలా పడుకుంటోంది. బద్ధకం బహిర్గత లక్షణం (ఒక్క జన్యువున్నా బయటికి కనిపించేది) అంటారు కదా, మరి తల్లిదండ్రుల్లో ఒక్కదానికైనా కనిపించాలిగా?

నిద్రలేనోడు: మ్యుటేషన్ బ్రో, జన్యువు దానంతటదే మారిపోయింది.

బయాలజీ_మేడమ్: మ్యుటేషనే. బహిర్గత లక్షణం దాక్కోదు. మెండెల్ బఠానీల్లో పొడవు జన్యువు ఒక్కటున్నా మొక్క పొడుగ్గానే పెరుగుతుంది. మా పదో తరగతి పిల్లలకు నేను ఈ పాండాలతోనే అనువంశికత చెప్తున్నాను.

కోడ్‌పిచ్చి: కాదు మేడమ్. ప్రతి పాండాకీ రెండు జన్యువులు: ఒకటి మెయిన్, ఒకటి హిడెన్. బద్ధకం మెయిన్‌లో ఉంటేనే బయటపడుతుంది. మెయిన్ మామూలుదై, బద్ధకం హిడెన్‌లో ఉంటే ఆ పాండా మామూలుగానే తిరుగుతుంది. పిల్లకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. ఏది మెయిన్ అవుతుందో మళ్లీ బొమ్మా బొరుసే. మ్యుటేషన్ ఒక్కో జన్యువుకు 32లో 1 వంతే. వెదురుతోట గారి పాండాల్లో ఒకటి బద్ధకాన్ని దాచుకుని ఉండే అవకాశమే ఎక్కువ.

బయాలజీ_మేడమ్: మా పిల్లలు లెక్క రాసిన నోటుబుక్కులు నా దగ్గరున్నాయి. గోధుమరంగు పాండాల విషయంలో మెండెల్ చెప్పినట్టే వస్తోంది.

పాండామోజు: గోధుమరంగు ఊసెత్తకండి. ఒక సర్వర్‌లో ‘లోపల గోధుమరంగు ఉంది’ అని నమ్మించి నాకో మామూలు పాండాని వజ్రాలకు అమ్మారు. ఎన్ని పిల్లలు పుట్టినా అన్నీ నలుపు తెలుపే. కంటితో చూసి ఏదీ చెప్పలేం.

కోడ్‌పిచ్చి: గేమ్‌లో డేటా కమాండ్ (వివరాలు చూపించే ఆదేశం) కొడితే రెండు జన్యువులూ కనిపిస్తాయి. కొనేముందే అడగాల్సింది.

మేడమ్, గోధుమరంగూ బలహీనతా నిజంగానే అంతర్గతాలు. రెండు చోట్లా అదే జన్యువు ఉంటేనే బయటపడతాయి. ఒక్కొక్కటి దాచుకున్న రెండిటిని కలిపితే పిల్లల్లో నాలుగో వంతు గోధుమరంగు. అక్కడ మీ లెక్క సరే. బద్ధకం దగ్గరే తేడా కొడుతుంది. ఒక బద్ధకం జన్యువున్న పాండాని అసలు లేనిదానితో కలిపితే మెండెల్ ప్రకారం సగం పిల్లలు బద్ధకంగా పుట్టాలి. ఇక్కడ పావు వంతే పుడతాయి. మీ పిల్లలు పరీక్షలో ఇదే రాసి వస్తే?

బయాలజీ_మేడమ్: నా క్లాసు గురించి మీరు చెప్పక్కర్లేదు. ల్యాబ్‌లో సరైన మైక్రోస్కోపు లేదు, బఠానీలు పెంచి చూపించాలంటే విద్యా సంవత్సరం చాలదు. ఇక్కడ పాండా పిల్ల 20 నిమిషాల్లో పెద్దదవుతుంది. వాళ్లే కలిపి, వాళ్లే లెక్కపెట్టి, నియమం వాళ్లే పట్టుకోవాలి. మీరు కమాండ్ కొట్టి జవాబు ముందే చేతిలో పెడతారు. అందులో నేర్చుకునేదేముంది?

నిద్రలేనోడు: మేడమ్ చెప్పింది పాయింటే.

కోడ్‌పిచ్చి: ఇప్పుడు అసలు విషయానికొచ్చాం. నాలుగు పిల్లల్ని లెక్కపెట్టి పావు వంతని తేల్చేస్తే అది నేర్చుకోవడమా? మధ్యలో ఒక్క మ్యుటేషన్ వస్తే నియమమే మారిపోయిందనుకుంటారు. తల్లిదండ్రుల జన్యువులు తెలియకుండా పిల్లల్ని లెక్కపెట్టి లాభం లేదు. మెండెల్ కూడా ముందు శుద్ధ జాతి (తరతరాలకూ ఒకే లక్షణం ఇచ్చే) మొక్కల్ని తేల్చుకున్నాకే సంకరం చేశాడు.

బయాలజీ_మేడమ్: తేల్చుకున్నది తరాల తరబడి పెంచి. లోపలికి తొంగిచూసి కాదు.

వెదురుతోట: మరి గోధుమరంగుదాన్ని, తుమ్ముతూ ఉండే బలహీనమైనదాన్ని కలిపితే?

కోడ్‌పిచ్చి: మ్యుటేషన్ పక్కన పెడితే పిల్లలన్నీ మామూలువే. చెరొకటి వస్తుంది, ఏదీ జత కుదరదు.

బయాలజీ_మేడమ్: ఇది మా వాళ్లకు ఇస్తాను. అన్నీ మామూలువి ఎందుకు పుట్టాయో వాళ్లే చెప్పాలి. ఆ పిల్లల్ని మళ్లీ వాటిలో వాటికే కలిపించి లెక్క రాయిస్తా. కమాండ్ మాత్రం లెక్క పూర్తయ్యాకే చూపిస్తాను.

కోడ్‌పిచ్చి: ముందే చూపించాలి మేడమ్. ఈ ఒక్క విషయంలో నేను తగ్గను.