"ఋణం కృత్వా ఘృతం పిబేత్": ఆ అప్పు ఎక్కడిది?

ప్రశ్న:
యావజ్జీవేత్సుఖం జీవేదృణం కృత్వా ఘృతం పిబేత్
భస్మీభూతస్య దేహస్య పునరాగమనం కుతః
(బతికినన్నాళ్ళూ సుఖంగా బతకాలి, అప్పు చేసైనా నెయ్యి తాగాలి. బూడిదైపోయిన దేహం మళ్ళీ ఎలా వస్తుంది?)

నాకు పరలోకం మీద నమ్మకం లేదు. ఉన్నన్నాళ్ళూ హాయిగా ఉందాం అనుకునే రకం. ఆ మాట అన్నానో లేదో, ఎవరో ఒకరు ఈ శ్లోకం చదివి "అప్పు చేసి పప్పుకూడు అన్నమాట" అని నవ్వుతారు. దీని అర్థం నిజంగా అంతేనా?

జవాబు:
కాదండీ. ఈ శ్లోకం చార్వాకులదని, అంటే పరలోకం, మరుజన్మ లేవన్న ప్రాచీన భారతీయ నాస్తికులదని చెబుతారు. వాళ్ళ సొంత గ్రంథాలు పూర్తి రూపంలో మిగల్లేదు. వాళ్ళ మాటలు చాలావరకు ప్రత్యర్థుల పుస్తకాల్లోనే దొరుకుతాయి. ఈ శ్లోకం రకరకాల దర్శనాలను వివరించే 14వ శతాబ్దపు పుస్తకం సర్వదర్శన సంగ్రహంలో, చార్వాక అధ్యాయం చివర్లో ఉంది. తమాషా ఏమిటంటే, అదే అధ్యాయం మొదట్లో ఇదే శ్లోకం ఇంకోలా ఉంది:

యావజ్జీవం సుఖం జీవేన్నాస్తి మృత్యోరగోచరః

అప్పూ లేదు, నెయ్యీ లేదు. రెండో పంక్తి మాత్రం అక్షరం మారలేదు. ఇప్పుడు ఆ పంక్తిని రెండు చోట్లా చదివి చూడండి. అప్పు మాట తర్వాత వస్తే "బూడిదయ్యాక తీర్చడానికి ఎవడొస్తాడులే" అనే ఎగవేతదారు మాటలా వినిపిస్తుంది. చావు మాట తర్వాత వస్తే "ఉన్నది ఈ ఒక్క బతుకే, సుఖంగా బతుకు" అని. అప్పు చేర్చింది వెక్కిరించడానికేనని నా అనుమానం. గట్టిగా నిరూపించలేను గానీ, ఆ వెక్కిరింపే జనం నోట నిలిచింది.

ఇంకొకరు:
అగోచరం అంటే కనబడనిది కదా? "మృత్యువు కనబడదు" అనా?

జవాబు:
తెలుగులో ఆ అర్థమే స్థిరపడింది, అందుకే తికమక. గోచరం అంటే మొదట ఆవులు తిరిగే మేర, ఆ తర్వాత దేనికైనా అందే మేర. మృత్యోః అనేది షష్ఠీ విభక్తి, కాబట్టి "మృత్యువుకు అందనిది ఏదీ లేదు" అని.

మరొకరు:
అప్పు మాటెత్తారు కాబట్టి ఒకటి. "మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను" అంటాం. ఏదైనా తెగిపోతే "రుణం తీరిపోయింది" అంటాం. మన మాటల్లో రుణం జన్మలు దాటి నడుస్తుంది. మరుజన్మ లేదనేవాడికి ఆ వాయిదా ఎక్కడిది? థాంక్స్ చెప్పాలన్నా, బాకీ తీర్చాలన్నా ఇప్పుడే. అప్పు మాట నిజంగా చార్వాకుడిదే అయినా, అతనికంటే టెన్షన్ పడాల్సినవాడు ఇంకొకడు లేడు!

జవాబు:
భలే. అదే అధ్యాయంలో ఇంకో వాదన ఉంది, నెయ్యి గోలలో ఎవరూ పట్టించుకోరు. సుఖంలో దుఃఖం కలిసి ఉంటుంది కాబట్టి సుఖమే వద్దనేవాళ్ళకు చార్వాకుడి జవాబు అది. చేప కావాలన్నవాడు పొలుసుతో, ముల్లుతో సహా తెచ్చుకుని, తినేది తిని మిగతాది పారేస్తాడు. లేళ్ళు మేస్తాయని వరి నాటడం మానతామా? బిచ్చగాళ్ళు వస్తారని పొయ్యి మీద కుండ పెట్టడం మానతామా? జల్సారాయుడు ఇలా మాట్లాడతాడా? ముల్లు ఉంటుందని తెలిసే చేప తెచ్చుకున్నవాడి మాట ఇది. ఆ శ్లోకం కన్నా నాకు ఇదే ఇష్టం.

ప్రశ్న అడిగినవారు:
ఈ భావానికి తెలుగులో సామెత? "బతికుంటే బలుసాకు తినొచ్చు" సరిపోతుందా?

జవాబు:
సగం సరిపోతుంది. పరలోకం ఊసు లేదు, బతుకే ముఖ్యం, అంతవరకు చుట్టరికమే. కానీ అది ప్రాణం మీదికి వచ్చినప్పుడు, "ఏదో ఒకటి తిని బతకొచ్చు, ముందు బయటపడు" అని చెప్పే మాట. చార్వాకుడు బలుసాకుతో సరిపెట్టుకోడు. ఆయనకు వరన్నం, చేపలు కావాలి.