సేవను ఆపకుండా వెర్షన్ మార్చేటప్పుడు పాత, కొత్త సర్వర్ల మధ్య పొంతన ఎలా?

ప్రశ్న:
మా చెల్లింపుల సేవ 12 సర్వర్ల మీద నడుస్తోంది. కొత్త వెర్షన్‌ను ఒక్కొక్క సర్వర్‌లో పెట్టుకుంటూ వెళ్తుండగా, నాలుగో సర్వర్ తర్వాత చిక్కు వచ్చింది. కొత్త సర్వర్లు ‘పాక్షిక వాపసు’ అనే కొత్త స్థితితో క్యూలో (సందేశాలు వంతు కోసం ఆగే వరుసలో) వేసిన సందేశాలను పాత సర్వర్లు అందుకుని, ఆ స్థితి ఏమిటో తెలియక తిరస్కరించాయి. పాత వెర్షన్‌కు మళ్లినా, అప్పటికే డేటాబేస్‌లో చేరిన వరుసలను అది చదవలేకపోయింది. సేవను ఆపకుండా ఇలాంటి మార్పు ఎలా చేయాలి?

జవాబు 1:
ఒకే విడుదలలో మీరు రెండు పనులు చేశారు: కొత్త స్థితిని చదవడం, రాయడం. కొత్త స్థితిని చదవగల కోడ్‌ను ముందుగా 12 సర్వర్లలోనూ పెట్టి, రాసే భాగాన్ని ఫ్లాగ్ (కోడ్‌లోని ఒక భాగాన్ని తెరిచే, మూసే మీట) వెనుక ఆపి ఉంచండి; అన్నీ మారాయని రూఢి అయ్యాకే ఫ్లాగ్ తెరవండి. అప్పుడు వెనక్కి రావలసి వచ్చినా, ఫ్లాగ్ మూస్తే చాలు, రాసేసిన వరుసలను ఆ కోడ్ చదవగలదు. ప్రోటోబఫ్ వంటి సందేశ ఫార్మాట్లు తెలియని ఫీల్డ్‌ను చెరపకుండా దాటించగలవు కానీ, తెలియని స్థితికి అర్థం చెప్పలేవు.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తూ, సర్వర్‌ను మార్చే క్షణం గురించి ఒక మాట. పరిశోధకులు జెఫ్ క్రామర్, జెఫ్ మాగీ 1990లోనే, మార్పుకు అనువైన ఆ క్షణాన్ని నిశ్చల స్థితిగా నిర్వచించారు: మార్చబోయే నోడ్ (ఇక్కడ ఒక సర్వర్) చేతిలో సగంలో ఉన్న లావాదేవీ ఉండకూడదు, అది కొత్తది మొదలుపెట్టకూడదు, దాని అవసరం పడే లావాదేవీలను ఇరుగుపొరుగు నోడ్‌లు కూడా మొదలుపెట్టకూడదు. కాబట్టి ముందు క్యూ నుంచి తీసుకోవడం ఆపించి, చేతిలో ఉన్నది పూర్తి కానివ్వండి. సర్వర్లలో ప్రోగ్రామ్‌లను నడిపించే కుబెర్నెటీస్‌ను మీరు వాడుతుంటే, వేరుగా చెప్పకపోతే అది ఆపమన్నాక 30 సెకన్లే ఆగి, ఆ తర్వాత ప్రాసెస్‌ను బలవంతంగా చంపేస్తుంది. మీ లావాదేవీకి అంతకంటే ఎక్కువ పడితే ఆ గడువు పెంచి తీరాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రాఫ్ట్‌తో (నోడ్‌లు మెజారిటీ ఓటుతో ఒక నాయకుడిని ఎన్నుకుని, ఒకే డేటాను ఉంచుకునే పద్ధతితో) నడిచే మా సెట్టింగుల స్టోర్‌ను 3 నోడ్‌ల నుంచి 5కు పెంచాలి. ఐదింటి జాబితాను ఒక్కొక్క నోడ్‌కు ఇచ్చుకుంటూ పోవచ్చా?

జవాబు 2:
దయచేసి అలా చేయకండి. పాత జాబితానే పట్టుకున్న రెండు నోడ్‌లు మూడింటిలో మెజారిటీ. కొత్త జాబితా అందిన మిగిలిన మూడు నోడ్‌లు ఐదింటిలో మెజారిటీ. ఈ రెండు గుంపులకూ ఉమ్మడి నోడ్ ఒక్కటీ లేదు గనుక ఇద్దరు నాయకులు ఎన్నిక కావచ్చు. స్టోర్‌లోని సభ్యత్వ మార్పు ఆదేశం ద్వారానే 3 నుంచి 4కు, అది లాగ్‌లో (మార్పులను వరుసగా నమోదు చేసే చిట్టాలో) ఖరారయ్యాక 5కు వెళ్లండి. ఒక్క నోడ్ తేడా ఉన్నంతవరకు ఏ రెండు మెజారిటీలకైనా ఉమ్మడి నోడ్ ఉంటుంది. కొత్త నోడ్ పాత లాగ్ అంతా అందుకునే వరకు దానికి ఓటు ఇవ్వకండి.