స్ప్లిట్ బాగానే వస్తోంది, హెడ్ కిక్ స్పీడ్ మాత్రం పెరగట్లేదు

కిక్_కోచ్: మా తైక్వాండో పిల్లలు (16–18 ఏళ్లు) కాళ్లు రెండు పక్కలకీ చాపే సైడ్ స్ప్లిట్‌లో నేలకు జానెడు దూరం దాకా దిగుతారు. అయినా పక్క నుంచి తిప్పి కొట్టే తల ఎత్తు రౌండ్‌హౌస్‌లో నడుము దాటగానే కాలి వేగం పడిపోతోంది. క్లాసు మొదట్లో ఒక్కో స్ట్రెచ్ నిమిషంన్నర పట్టిస్తున్నాం. ఇంకా పెంచమంటారా?

తుంటి_లెక్కలు: పెంచకండి, క్లాసు చివరికి మార్చండి. ఒకే కండరాన్ని నిమిషం దాటి కదలకుండా సాగదీస్తే కాసేపు దాని విసురు తగ్గుతుంది. మొదట్లో 5 నిమిషాలు స్కిప్పింగ్, తర్వాత ముందుకూ పక్కకూ లెగ్ స్వింగ్స్, కాలికి 10 చొప్పున 2 సెట్లు చాలు. నడుము ఎత్తులో మొదలుపెట్టి మెల్లగా పైకి.

అసలు తేడా వేరే చోట ఉండొచ్చు. గోడ పట్టుకుని, చేతి సాయం లేకుండా కాలు పక్కకు ఎత్తి 3 సెకన్లు ఆపమనండి. తర్వాత అదే కాలిని ఇంకొకరు ఎత్తి చూడాలి. రెండింటికీ మధ్య చాలా తేడా ఉంటే కొరత సాగుడులో లేదు, కాలిని ఎత్తే కండరాల బలంలో ఉంది. ఆ బలం కోసం మడమ కుర్చీ వీపు మీద పెట్టి, అక్కణ్ణుంచి నాలుగు వేళ్ల ఎత్తు లేపి 3–5 సెకన్లు ఆపాలి. 6 సార్లు, 3 సెట్లు, వారానికి 3 రోజులు. ఒళ్లు పక్కకు వాల్చి లేపితే అది లెక్కలోకి రాదు (అందరూ చేసేది అదే!).

కిక్_కోచ్: థాంక్స్ అండీ. మరి పీఎన్ఎఫ్ (కండరం బిగించి, వదిలి సాగదీయడం) చేయించొచ్చా?

తుంటి_లెక్కలు: క్లాసయ్యాక, ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు చేయించండి. సాగిన చోటే సగం బలంతో 5–6 సెకన్లు ఎదురు నొక్కి, వదిలి, ఇంకాస్త సాగదీసి 20 సెకన్లు. 3 సార్లు చాలు. పార్ట్‌నర్ బరువంతా వేయకూడదు. తొడ మధ్యలో లాగితే పర్లేదు. పిరుదు కింద ఎముక దగ్గర గానీ, మోకాలి లోపలి పక్క గానీ నొప్పొస్తే ఆపేయాలి. గజ్జలో ముందువైపు గుచ్చితే చాలాసార్లు అది కీలు లోపలే ఒత్తుకోవడం. సాగదీసే కొద్దీ ముదురుతుంది, ఫిజియోకి చూపించండి.

పివట్_ముఖ్యం: పైన చెప్పినవన్నీ సరే గానీ, నిలబడిన కాలు చూశారా? మడమ టార్గెట్ వైపు తిరక్కపోతే తుంటి తెరుచుకోదు, స్ప్లిట్ ఎంతున్నా కాలు అక్కడే ఇరుక్కుంటుంది. నా అనుమానం ముందు దీనిమీదే. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ తీసి, కాలు నేల వదిలినప్పటి నుంచి ప్యాడ్ తగిలే దాకా ఫ్రేములు లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. నడుము ఎత్తు కిక్‌కీ తల ఎత్తు కిక్‌కీ విడివిడిగా రాసుకోండి, ఎక్కడ ఆగుతోందో అక్కడే దొరుకుతుంది.