హాస్టల్ పిల్లలకు ప్రీపెయిడ్ కార్డు మేలా, బ్యాంకు ఖాతా మేలా?

గోదారి గట్టు
మాది ఏటూరునాగారం. బిడ్డను ఈ ఏడు హనుమకొండలో ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో వేశాం. అక్కడ ఫోన్ ఉండనివ్వరు కాబట్టి ఫోన్‌పే, గూగుల్‌పే మాటే లేదు. నెలకు పదిహేను వందల దాకా చేతి ఖర్చుకు ఇవ్వాలి. అడ్మిషన్ రోజు గేటు ముందు ఒక కంపెనీ వాళ్లు టెంటు వేసుకుని పిల్లల ప్రీపెయిడ్ కార్డు అని అంటగడుతున్నారు. బోర్డు మీద ‘లైఫ్‌టైమ్ ఫ్రీ’ అని పెద్దక్షరాలు. ఛార్జీల కాగితం ఇవ్వమంటే ఫోన్‌కు లింకు పంపారు. అందులో ఉన్నవి ఇవి: కార్డు ఇచ్చేందుకు 250, ఏటీఎంలో తీసిన ప్రతిసారీ 20, ఆరు నెలలు వాడకపోతే ఆపైన నెలకు 25, కార్డు పోగొట్టుకుంటే కొత్తదానికి 200. అన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ. యూపీఐతో పైసలు వేస్తే ఏమీ లేదు, క్రెడిట్ కార్డుతో వేస్తే 2 శాతం. మరి ఫ్రీ ఏంది తమ్మీ అంటే, వార్షిక ఫీజు లేదు కదా సార్ అన్నాడు.

మా ఇంటావిడ బ్యాంకులో ఖాతా తెరిపిద్దాం అంటోంది. మా బావమరిది కార్డే మేలంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

నర్సంపేట మిర్చి
అన్నా, కార్డే తీసుకో. నేను మా పిల్లగానికి రెండేళ్లుగా అదే వాడిస్తున్నా. ఎంత వేస్తే అంతే ఉంటుంది, పోతే అంతే పోతుంది. వాడు ఎక్కడ గీకినా నా ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. కార్డు కనబడటం లేదని వార్డెన్ ఫోన్ నుంచి చెప్తే పొలం గట్టు మీద నిలబడి యాప్‌లో లాక్ చేశా. బ్యాంకు ఖాతా అంటే పాస్‌బుక్ ఒక రోజు, కార్డు కోసం ఇంకో రోజు, పిన్ కోసం మరో రోజు. మిర్చి ఏరే సీజన్‌లో ఎవడు తిరుగుతాడు? ఏడాదికి రెండు మూడు వందల ఫీజు కడితే నెత్తినొప్పి పోతుందంటే నేను కడతా.

సుబేదారి రిటైర్డ్
ఏడాదికి రెండు మూడు వందలతో అయిపోతుందా? గోదారి గట్టు గారు ఇచ్చిన అంకెలతోనే లెక్క వేద్దాం. కార్డుకు 250, పన్నుతో 295. అమ్మాయి నెలకు రెండుసార్లు ఏటీఎంకు వెళ్లిందనుకోండి. ఒక్కోసారి 23 రూపాయల 60 పైసలు, నెలకు 47 రూపాయల 20 పైసలు. పది నెలల చదువుకు 472. మొత్తం 767. మీరు పంపేది పదిహేను వేలు. నూటికి ఐదు రూపాయల పైన కోత. ఇంత కమీషన్ అడిగే షావుకారును ఊళ్లో అయితే తిట్టి పంపుతారు.

అదే సేవింగ్స్ ఖాతా డెబిట్ కార్డుకు సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు 5 సార్లు ఉచితం. వేరే బ్యాంకుల ఏటీఎంలలో మన వరంగల్ లాంటి ఊళ్లలో ఇంకో 5 సార్లు, హైదరాబాద్‌లో అయితే 3 సార్లు. అవి దాటాకే ఛార్జీ, అది కూడా 2025 మే 1 నుంచి గరిష్ఠంగా 23 రూపాయలు, పన్ను అదనం. ఈ ఉచితాలు సేవింగ్స్ ఖాతాదారుల కోసం పెట్టినవి. ప్రీపెయిడ్ కార్డు మీద మొదటిసారి తీసినప్పటి నుంచే మీటర్ తిరగొచ్చు.

నర్సంపేట మిర్చి
సార్, మీరు బ్యాంకులో చేసి రిటైర్ అయినవాళ్లు, బ్యాంకు మాటే మాట్లాడతారు. ఏటీఎంకు పోతేనే కదా కోత? దుకాణంలో గీకితే ఏం కట్ అవుతుంది? ఏమీ లేదు.

సుబేదారి రిటైర్డ్
పింఛను బ్యాంకు నుంచే వస్తోంది, కాదనను. గీకితే ఛార్జీ లేదన్నది కూడా నిజమే. కానీ ముందు ఒకటి తేలాలి. ఆ కార్డు ఏ కేవైసీ, అంటే ఏ రకం గుర్తింపు తనిఖీ, మీద ఇస్తున్నారు?

ప్రీపెయిడ్‌లో రిజర్వు బ్యాంకు రెండు రకాలు పెట్టింది. మొబైల్ నంబరు, ఓటీపీ, పేరు, ఒక గుర్తింపు నంబరుతో ఇచ్చేది చిన్న రకం. అందులో ఏ సమయంలోనైనా 10 వేలకు మించి ఉండకూడదు, నెలకు 10 వేలు, ఏడాదికి లక్షా 20 వేలకు మించి వేయకూడదు. అసలు సంగతి ఏమిటంటే, దాని నుంచి నగదు తీయడం కుదరదు, ఇంకొకరికి పంపడం కుదరదు. కొనుగోళ్లకే. పూర్తి కేవైసీ అయితే 2 లక్షల దాకా ఉంచుకోవచ్చు, నగదు కూడా తీయొచ్చు. బ్యాంకు కాని కంపెనీల కార్డు మీద ఒకసారికి 2 వేలు, నెలకు 10 వేలు పరిమితి.

గేటు దగ్గర పది నిమిషాల్లో ఇస్తున్నారంటే చిన్న రకమే అయి ఉంటుందని నా అనుమానం. అలాంటప్పుడు ఛార్జీల కాగితంలో ఏటీఎం 20 రూపాయలు అని ఉన్నా ఆ వరుస మీ అమ్మాయికి వర్తించదు. మిషన్‌లో పెడితే డబ్బే రాదు.

గోదారి గట్టు
సార్, ఇది మాకు ఎవరూ చెప్పలేదు. ఓటీపీ చెప్పండి, ఆధార్ నంబరు చెప్పండి అన్నారు, అంతే. ఫొటో తీయలేదు, వీడియో కాల్ లేదు.

సుబేదారి రిటైర్డ్
అయితే చిన్నదే.

నయీంనగర్ అక్క
నేను ఇక్కడే ఒక గర్ల్స్ హాస్టల్‌లో వార్డెన్‌గా చేస్తున్నా. ఏ కాలేజీ అన్నది వద్దు. మీరంతా కార్డు, ఖాతా అని కొట్లాడుకుంటున్నారు, పిల్లలు ఎక్కడ ఖర్చు పెడతారో అడగలేదు. మా క్యాంటీన్‌లో స్వైప్ మిషన్ లేదు. సీసా మూతల డబ్బా పక్కన క్యూఆర్ స్టిక్కర్ ఉంటుంది. బయట జిరాక్స్ సెంటర్‌లో క్యూఆర్, పండ్ల బండి మీద క్యూఆర్. ఫోన్ లేని పిల్ల ఆ స్టిక్కర్‌ను ఏం చేసుకుంటుంది? కార్డు ఎవరిదైనా, ఎంత ఫ్రీ అయినా, గీకే చోటు లేకపోతే అది ప్లాస్టిక్ ముక్క. మిషన్ ఉండేది మెడికల్ షాపులో, చౌరస్తా దగ్గర పెద్ద బట్టల షాపుల్లో. ఔటింగ్ ఇచ్చే ఆదివారం తప్ప పిల్లలు అంతదూరం పోరు.

చాలామంది తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఆఫీసులో ఐదు వందలో వెయ్యో కట్టి పోతారు. మేం నోటుబుక్‌లో రాసుకుని, పిల్లకు అడిగినప్పుడు వంద, రెండు వందలు ఇచ్చి సంతకం పెట్టించుకుంటాం. పాత పద్ధతే. ఛార్జీ లేదు.

నర్సంపేట మిర్చి
అక్కా, అన్ని హాస్టళ్లలో మీలాంటి వాళ్లు ఉండరు. మా పిల్లగాని పాత హాస్టల్‌లో ఆ నోటుబుక్ లెక్కే తేలలేదు. అడిగితే ‘మీ వాడే తీసుకున్నాడు’ అన్నారు. వాడు తీసుకోలేదంటాడు. సంతకాలు చూపించమంటే బుక్కు మారిందన్నారు. అందుకే కార్డుకు మారాను. వాళ్ల క్యాంటీన్‌లో మిషన్ ఉంది, అదృష్టం. ప్రతి పది రూపాయలకూ నా దగ్గర మెసేజ్ ఉంది, ఎవరితోనూ పంచాయితీ లేదు.

నయీంనగర్ అక్క
మిషన్ ఉన్నచోట మీ మాట ఒప్పుకుంటా.

జగిత్యాల టు షార్జా
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. ఇక్కడ మా లేబర్‌కు జీతం పడేదే ఇలాంటి కార్డులో. బ్యాంకు ఖాతా ఉండదు, కార్డు ఒక్కటే. మా క్యాంపులో కొత్తగా వచ్చిన పిల్లలు జీతం పడిందా లేదా అని రోజూ మిషన్‌లో పెట్టి బ్యాలెన్స్ చూస్తారు. చూసిన ప్రతిసారీ కొంత కట్. పడని జీతాన్ని చూసినందుకు కూడా కోతే! అన్నా, నీ లింకులో బ్యాలెన్స్ ఎంక్వైరీ అనే వరుస ఉందేమో చూడు. అందరూ తీసినప్పటి ఛార్జీ చూస్తారు, అది చూడరు.

గోదారి గట్టు
చూశా తమ్మీ. ఉంది. రెండో పేజీలో, 8 రూపాయలు. ‘డిక్లైన్ ఛార్జీ’ అని ఇంకోటి కూడా ఉంది, బ్యాలెన్స్ చాలక లావాదేవీ ఫెయిలైతే 15.

కాజీపేట రైలు
ఛార్జీల కంటే నాకు వేరే భయం ఉంది. కంపెనీయే మూతపడితే? 2024 జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టినప్పుడు మా వీధిలో ఎంత టెన్షన్ పడ్డారో గుర్తుంది. మార్చి 15 తర్వాత వాలెట్లలో కొత్తగా డబ్బు వేయడం ఆగిపోయింది. ఉన్నది మాత్రం వాడుకోనిచ్చారు. ఇది ఎవరికీ తెలియని చిన్న కంపెనీ. బ్యాంకులో అయితే 5 లక్షల దాకా బీమా ఉంది కదా.

సుబేదారి రిటైర్డ్
బీమా గురించి చెప్పింది సరే. ఆ 5 లక్షల డిపాజిట్ బీమా బ్యాంకు డిపాజిట్లకు. బ్యాంకు కాని కంపెనీ వాలెట్‌కు, కార్డుకు అది లేదు. అయితే కంపెనీ ఆ డబ్బును ఇష్టం వచ్చినట్టు వాడుకోలేదు. ఒక వాణిజ్య బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో, అంటే కస్టమర్ల డబ్బు కోసం విడిగా పెట్టిన ఖాతాలో, ఉంచాలి. వడ్డీ మాత్రం రాదు, ఇవ్వకూడదన్నది నిబంధనే. పదిహేను వందలకు వడ్డీ ఎంత వస్తుంది లెండి, దాన్ని పెద్ద కారణంగా చూపను. పదిహేను వందల గురించి కంపెనీ మూతపడుతుందని నిద్ర మానుకోవడం కూడా అనవసరం. చిల్లర కోతలే ఎక్కువ తింటాయి.

ఇక ఖాతా సంగతి. 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు మైనర్ల ఖాతాల నిబంధనలు మార్చింది. పదేళ్లు నిండిన పిల్లలు ఇష్టముంటే సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చు. ఎంత వరకు అన్నది, డెబిట్ కార్డు ఇవ్వాలా అన్నది బ్యాంకు నిర్ణయిస్తుంది. ఖాతాలో ఉన్నదానికి మించి ఒక్క రూపాయి తీయనివ్వకూడదు. అంటే మిర్చి గారు చెప్పిన ‘పోతే అంతే పోతుంది’ ఇక్కడా ఉంది. ఖాతాలో పదిహేను వందలే ఉంచండి, పదిహేను వందలే పోతాయి. స్టేట్ బ్యాంకులో పెహ్లీ ఉడాన్ అని పదేళ్లు దాటిన పిల్లలకు ప్రత్యేకంగా ఖాతా ఉంది. మీ వైపు తెలంగాణ గ్రామీణ బ్యాంకు శాఖ ఉంటే అక్కడా అడగండి. తెలంగాణలోని పాత ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) శాఖలు 2025 జనవరి 1 నుంచి దానిలో కలిశాయి, బోర్డు మారిందని కంగారు పడకండి.

నర్సంపేట మిర్చి
నిబంధన ఉంది సరే, బ్రాంచిలో ఇస్తారా? మా ఊరి బ్రాంచికి పోతే పిల్లగాడు హనుమకొండలో ఉంటాడు కదా, అక్కడే తెరవండి అన్నారు. అక్కడికి పోతే అడ్రసు నర్సంపేటది, అక్కడికే పొండి అన్నారు. దీనికి జవాబు చెప్పండి సార్.

సుబేదారి రిటైర్డ్
దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. అలా తిప్పడం తప్పు. సొంతూరి బ్రాంచిలోనే తెరవండి, కార్డు ఏ ఊళ్లోనైనా పనిచేస్తుంది, పిల్లలు ఏ ఊళ్లో చదివితే ఏంటి అని గట్టిగా అడగాలి. వెళ్లే ముందు ఇంకో పని. పదిహేనేళ్లకు ఆధార్‌లో పిల్లల వేలిముద్రలు, కనుపాప మళ్లీ ఇవ్వాలి. ఇంటర్ పిల్లల్లో చాలామందికి అది పెండింగ్‌లో ఉంటుంది. కౌంటర్ దగ్గర వేలిముద్ర పడక వెనక్కి రావడానికి సగం కారణం అదే. సెలవుల్లో పిల్ల ఇంట్లో ఉన్నప్పుడే చేయించండి.

కాజీపేట రైలు
యూపీఐ సర్కిల్ అని 2024లో వచ్చింది కదా, తండ్రి ఖాతా మీద పిల్లలు వాడుకునేది. నెలకు 15 వేల పరిమితి పెట్టొచ్చు. క్యాంటీన్ క్యూఆర్‌కు అదే సరైన మందు.

నయీంనగర్ అక్క
తమ్మీ, ఫోన్ ఉండాలి దానికి. మొదటి పోస్టు చదువు.

గోదారి గట్టు
ఆదివారం వెళ్లొచ్చా. మా బిడ్డ కాలేజీలో కూడా అక్క చెప్పిందే. క్యాంటీన్‌లో క్యూఆర్ స్టిక్కర్ ఒక్కటే. మిషన్ ఏది అంటే ఆయన నవ్వాడు. గేటు బయట ఏటీఎం మాత్రం ఉంది. కార్డు టెంటు వాళ్ల దగ్గర తీసుకోవడం లేదు. బతుకమ్మ సెలవులకు బిడ్డ వచ్చినప్పుడు ఆధార్ సరిచేయించి ఖాతా తెరిపిస్తా. అప్పటిదాకా ఆఫీసులో వెయ్యి కట్టి, రసీదు అడిగి తీసుకున్నా. మా బావమరిది మాత్రం ఇంకా ఒప్పుకోవడం లేదు.

నర్సంపేట మిర్చి
మీ బావమరిది పక్షాన నేనున్నా. వచ్చే ఏడు ఎంట్రన్స్ పరీక్షలని హైదరాబాద్ పంపినప్పుడు చూడండి, అక్కడ ప్రతి షాపులో మిషన్ ఉంటుంది.

మొగిలిచర్ల
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మా అబ్బాయికి ఇలాంటి చిన్న కేవైసీ కార్డే ఉంది, వాడు ఇప్పుడు డిగ్రీకి వచ్చాడు, వాడటం లేదు. అందులో 640 రూపాయలు ఇరుక్కుపోయాయి. ఏటీఎంలో రాదు, ఎవరికీ పంపలేం. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే పాట వినిపిస్తున్నారు. వదిలేయాల్సిందేనా?

సుబేదారి రిటైర్డ్
వదలొద్దు. ఆ చిన్న రకం కార్డును ఎప్పుడైనా మూసేయమని అడిగే హక్కు మీకుంది. మూసేసినప్పుడు మిగిలిన డబ్బు ఎక్కడి నుంచి వేశారో అక్కడికే తిరిగి రావాలి. యూపీఐతో వేసి ఉంటే ఆ ఖాతాకే. గడువు తీరిపోయినా భయపడకండి, ఆ తర్వాత కూడా డబ్బు అడగొచ్చు. బ్యాంకు కాని కంపెనీ దాన్ని కనీసం మూడేళ్ల దాకా తన లాభంలో కలుపుకోకూడదు. కాకపోతే వాడకుండా వదిలేస్తే ఆ నెలసరి ఛార్జీలు 640ని నమిలేస్తాయి కాబట్టి ఈ వారమే రాయండి.

ఫోన్ వద్దు, ఈమెయిల్ పెట్టండి. కార్డు చివరి నాలుగు అంకెలు, రిజిస్టర్ మొబైల్ నంబరు, ‘మూసేసి మిగతా సొమ్ము వాపసు చేయండి’ అన్న ఒక్క వాక్యం చాలు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఫిర్యాదులు తీర్చే అధికారికి, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు. ఎలా చేయాలో తెలియకపోతే 14448కు ఫోన్ చేయండి. పిన్, ఓటీపీ మాత్రం ఏ ఈమెయిల్‌లోనూ రాయకండి.

మొగిలిచర్ల
సరే సార్. ఈ రాత్రికే పెడతా.