పరాగం, పరాగ్గా: ఈ రెండింటికీ ఏమైనా సంబంధం ఉందా?

తెలుగు బాగా తెలిసినవాళ్లు, బోటనీ చెప్పేవాళ్లు కాస్త సాయం చేయండి. పరాగ సంపర్కం పాఠం చదువుతూ మా అమ్మాయి, పరాగం అంటే మనం పరాగ్గా ఉన్నావేంటి అంటాం కదా, అదేనా అని అడిగింది. పరాగం అంటే పుప్పొడి అని చెప్పి, పెరట్లో గుమ్మడి మగపువ్వు కోసి రేకలు తీసేసి, మధ్యలో ఉన్న కాడను తాకితే వేలికి అంటుకునే పచ్చటి పొడి చూపించాను. ఆ పొడి, అడుగున చిన్న పిందె ఉండే ఆడపువ్వు కీలాగ్రం (పువ్వు మధ్యలో పుప్పొడిని అందుకునే కొస) మీద పడితేనే కాయ నిలుస్తుందనీ చెప్పాను. ఇంతవరకూ సులువే.

రెండో మాటే తేలడం లేదు. పరాగ్గా అంటే పరాకుగా, అంటే ధ్యాస ఎక్కడో పెట్టుకుని. మరి రాజు సభకు వస్తుంటే ‘బహుపరాక్’ అని కేక వేసేది జాగ్రత్తగా ఉండమనే కదా? ఒకే మాట ఏమరుపాటుకూ హెచ్చరికకూ ఎలా వచ్చింది? సంస్కృతంలో ‘పరాక్’ అంటే అవతలికి తిరిగిన అని, పరాఙ్ముఖం (మొహం అటు తిప్పుకున్న) అందులోదే, మన పరాకు కూడా అక్కడి నుంచేనా? పుప్పొడికి మాత్రం దీంతో చుట్టరికం లేదనే నా నమ్మకం. వ్యుత్పత్తి తెలిసినవాళ్లు పిల్లకు చెప్పగలిగేలా రాయండి, ప్లీజ్.