ముసాయిదా చర్చ: సుమతి మౌనాన్ని హారిక క్షమించాలా?

తూనీగ:
రెండో ముసాయిదా చదవనివారి కోసం కథ క్లుప్తంగా. 24 ఏళ్ళ హారిక రాసిన పేమెంట్ రీట్రై కోడ్‌ను (విఫలమైన చెల్లింపును మళ్ళీ ప్రయత్నించేది) టీమ్ లీడ్ తన పేరున వేసుకుంటాడు. 56 ఏళ్ళ ఆర్కిటెక్ట్ సుమతికి సంగతి తెలుసు. ప్రమోషన్ కమిటీలో కూర్చునీ నోరు విప్పదు. చివర్లో హారిక ఆమెను క్షమించాలా?

రిఫ్‌లాగ్:
క్షమాపణ సంగతి తర్వాత. 14వ అధ్యాయంలో "ఆధారమే మిగల్లేదు" అన్నారు. అలా జరగదు. గిట్‌లో (కోడ్ మార్పులను, చేసినవారి పేరుతో సహా, నమోదు చేసే పనిముట్టు) లీడ్ తన మెషీన్లో స్క్వాష్ మెర్జ్ చేసి, అంటే ఆమె మార్పులన్నిటినీ ఒకే మార్పుగా కలిపి, కమిట్ కొడితే (నమోదు చేస్తే) ఆథర్‌గా అతని పేరు పడుతుంది, నిజమే. కానీ హారిక ల్యాప్‌టాప్‌లో పాత బ్రాంచి, అంటే ఆమె విడిగా పనిచేసిన కోడ్ శాఖ, ఉంటుంది. దాన్ని డిలీట్ చేసినా హెడ్ రిఫ్‌లాగ్‌లో (ఆ మెషీన్లో గిట్ ఉంచుకునే కదలికల చిట్టాలో) ఆ కమిట్లు మామూలు సెట్టింగుతో 30 రోజులు దొరుకుతాయి.

అల్పవిరామం:
కమిటీ గిట్ తెరిచి చూస్తుందా అండీ? మేనేజర్ రాసిచ్చిన పత్రం చదువుతుంది. అందులో లీడ్‌కు "రూపొందించాడు", హారికకు "సహకరించింది" అని ఉంటే అక్కడితో అయిపోయింది. వివక్ష జరిగేది ఆ క్రియాపదం దగ్గర.

రిఫ్‌లాగ్:
రీబేస్ (కమిట్లను విడివిడిగానే కొత్త పునాది మీదికి మార్చడం) అయితే ఆథర్ (రాసినవాడు) మారడు, కమిటర్ (చేర్చినవాడు) మాత్రమే మారతాడు. స్క్వాష్ అని స్పష్టంగా రాయాలి.

గోరింట:
సుమతి రోజుల్లో ఈ రంగంలో ఆడవాళ్ళే లేరు కదా, ఆమె భయం అర్థమవుతుంది.

పాతకాపు:
లేకపోవడమేంటండీ. అమెరికాలో 1984లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకున్నవారిలో సుమారు 37 శాతం ఆడవాళ్ళు. ఆ తర్వాతే తగ్గారు.
అసలు తరాల తేడా పనిముట్టులోనే ఉంది. సుమతి సీవీఎస్ అనే, గిట్‌కు ముందటి పనిముట్టు మీద పని నేర్చుకుంది. అందులో మార్పుకు ఒకే పేరు పడేది, కమిట్ హక్కు ఉన్నవాడిది. ప్యాచ్ (మార్పుల ఫైలు) మెయిల్లో పంపినవాళ్ళ పేరు వ్యాఖ్యలో ఎవరైనా రాస్తేనే ఉండేది. ఆథర్, కమిటర్ వేరువేరుగా నమోదు చేసే గిట్ వచ్చింది 2005లో. హారికకు దొంగతనంగా కనిపించేది సుమతికి రోజూ జరిగే పని.

రిఫ్‌లాగ్:
తన పేరు పోయింది కాబట్టి హారిక పేరు పోయినా ఫరవాలేదంటారా?

అల్పవిరామం:
పొద్దుటి నుంచి కమాండ్లు తప్ప మాట్లాడలేదు మీరు! ఆ గదిలో సుమతి ఒక్కతే ఆడమనిషి, లీడ్ మాటకు ఎదురు చెబితే మర్నాటి నుంచి ఏ డిజైన్ మీటింగుకూ ఆమెను పిలవరు. ఆ భయానికి మీ దగ్గర కమాండ్ ఉందా?

రిఫ్‌లాగ్:
నేను కమాండ్లు పట్టుకున్నది అందుకేనండీ. ఆధారం లేదని రాస్తే సుమతికి తప్పించుకునే దారి రచయితే ఇచ్చినట్టు. ఆధారం ఆమె కళ్ళ ముందే ఉంది, అయినా మాట్లాడలేదు. నా దృష్టిలో అది భయం కాదు, నిర్ణయం.

అల్పవిరామం:
భయంతోనూ నిర్ణయాలు తీసుకుంటారు. ఆమెను లీడ్‌తో ఒకే గాటన కట్టడానికి నేను ఒప్పుకోను.

రిఫ్‌లాగ్:
ఒకే గాటన కట్టమనలేదు. హారిక క్షమించకూడదంటున్నాను.

తూనీగ:
14 తిరగరాస్తాను. కమిటీకి ముందు రాత్రి సుమతి గిట్ లాగ్ (కమిట్ల జాబితా) తెరిచి చూస్తుంది.

పాతకాపు:
లాగ్‌లో లీడ్ పేరే కనిపిస్తుంది. రివ్యూ పేజీ (కలపకముందు కోడ్‌ను సమీక్షించే చోటు) తెరిపించండి. బ్రాంచి పోయినా ఆ పేజీ ఉంటుంది, హారిక కామెంట్లు తేదీలతో సహా.